చిలుకలోని చ

డిసెంబరు 19, గురువారం

ఆరోపణ ఇది: "కొండబాటలో దళనాయకురాలైన వాసవీకుమారి, వెనకబడిన సస్మిత ఆగమని కేకవేసినా లక్ష్యపెట్టక, ఆమెను పొగమంచులో విడిచి దళాన్ని ముందుకు నడిపించింది."

యూనివర్సిటీ నుంచి తాఖీదు ఒడియాలో వచ్చింది. తెలుగులోకి నేనే దించుకున్నాను. నాకు కోపం తెలుగులోనే సూటిగా వస్తుంది.

విచారణ సంఘం రెండు ప్రశ్నలు వేసి, వాటి నడుమ ఒక 'లేక' పెట్టింది. పిలుపు విని కూడా నాయకురాలు వదిలి వెళ్లిందా, లేక విద్యార్థిని తన ఇష్టప్రకారం వరుస వీడి ఆగిపోయిందా? మొదటిది నిజమని తేలితే నన్ను వక్తృత్వ జట్టు నుంచి తొలగిస్తారు, ఈ ఏడాది పరీక్షకు కూర్చోనివ్వరు. రెండోది నిజమని తేలితే సస్మిత హాస్టలు సీటు పోతుంది. అనుమతి లేకుండా వరుస వీడినవారికి సీటు ఉండదన్న నియమం యూనివర్సిటీ ఆమోదించిన మా కొండబాట సంఘం నిబంధనల్లోనే ఉంది. ఆ నియమం రాసింది నేనే.

బరంపురానికి సస్మిత ఊరు గోపాల్‌పూర్ దూరమేమీ కాదు. కానీ కొండమీద పడి విరిగి, ఇనుపకడ్డీ వేసిన కాలితో రోజూ బస్సెక్కి దిగడం అయ్యే పని కాదు. సీటు పోతే ఆమె చదువు పోయినట్టే. వాళ్లమ్మ ఈశ్వరమ్మ చేపల గంపతో ఇల్లు నడుపుతోంది. తండ్రి మసేను ఏడాదిలో సగం ఎక్కడో పరాయి రేవులో పడవ మీద ఉంటాడు.

ఇవన్నీ సానుభూతికి సంబంధించిన విషయాలు. ఆరోపణకు సంబంధించినవి కావు. నా సమాధానం ఒక్కటే: సస్మిత తెలుగులో 'చాలు' అనలేదు. 'చాల' అంది. అంటే ఒడియాలో 'నడువు' అని. నడవమంటే నడిచాను.

డిసెంబరు 20, శుక్రవారం

జరిగినది జరిగినట్టు రాసుకోవాలి. సాక్ష్యం చెప్పేవాడికి జ్ఞాపకం తడబడితే ఎదుటివాడికి అదే ఆయుధం.

దిగపహండి వెనక కొండల్లో మొదలుపెట్టి మహేంద్రగిరి దాకా, మోటారు బాట ఎక్కకుండా నడవగలిగే దారి ఒకటి ఉందని మొదట చెప్పింది మా నాన్న. బడా బజార్లో మా దుకాణానికి కొండపసుపూ చింతపండూ ఒకప్పుడు ఎడ్లమీద ఆ దారినే దిగేవట. ఇప్పుడది ముక్కలు ముక్కలుగా ఉంది. ఒక ఊరి సంతదారి ఇంకో ఊరి వాగుదారిని కలుస్తుంది, ఆ వాగుదారి మూడో ఊరి పోడుచేను గట్టును. వాటన్నిటినీ ఒక్క బాటగా కలిపి, రాళ్లమీద పసుపు గీతలు పెట్టి, పేరున్న పాదయాత్రా మార్గంగా నిలబెట్టాలన్నది మా సంఘం ఆశయం. మార్గాన్ని మేం కనిపెట్టామని నేనెప్పుడూ అనలేదు. అడ్డాకుల మోపులతో ఆ దారిన దిగే సవర ఆడవాళ్లు మా గీతలు చూసి నవ్వారు. వాళ్లకు ఆ దారి తమ ఇంటి గడప లాంటిది.

తొమ్మిదిమందిమి బయలుదేరాం. మూడో రోజు కోత అయిపోయిన చోడిచేల మీదుగా ఎక్కి, మధ్యాహ్నానికి గుగ్గిలం అడవి దాటాం. ఎర్రమట్టి పోయి కాలికింద బూడిదరంగు బండ మొదలైంది. ఒక ఊళ్లో ఉడికించిన పసుపుకొమ్ములు పరుపుబండ మీద ఆరబోసి ఉన్నాయి. ఆ వాసన చాలాదూరం వెంట వచ్చింది. అక్కణ్ణుంచి కనుమ వరకూ బాట ఒక కొండ భుజాన్ని చుట్టుకుంటూ పోతుంది. ఎడమవైపు గోడలా రాయి, కుడివైపు ఏమీ లేదు.

రంగుడబ్బా సస్మిత చేతిలో ఉంది. ప్రతి మలుపు దగ్గరా ఆగి గీత గీసేవాళ్లు ఎలాగూ వెనకబడతారు. అందుకే ఆమె వెనక అమిత్ నడవాలని ఏర్పాటు. అతను మా ఉపనాయకుడు. కనుమ దగ్గర ఫొటోలు తీయాలి కనుక అతన్ని ముందుకు పిలిచాను. అప్పటికి అమిత్ నాకూ సస్మితకూ మధ్యన ఉన్నాడు.

కనుమకు అవతలివైపు నుంచి జీపులో పర్యాటక శాఖవాళ్లూ ఒక విలేకరీ వస్తామన్నారు. వాళ్లొచ్చేసరికి మేం అక్కడ ఉండాలి. లోయలోంచి మంచు పైకి ఎగదోస్తోంది, గాలి ఎదురుగా ఉంది. అప్పుడే వెనకనుంచి కేక వినిపించింది. సస్మిత గొంతే. ఒకటే మాట, రెండుసార్లు.

"ఏమంటోంది?" అని అమిత్‌ను ఒడియాలో అడిగాను.

"చాల బోలి కహుచి" అన్నాడు. నడవమంటోంది అని.

నాకూ అదే వినిపించింది. విన్నాననడానికి గుర్తుగా చెయ్యి ఎత్తాను కూడా. ఆగమని విని ఉంటే ఎవరైనా చెయ్యెత్తి ముందుకు నడుస్తారా?

కనుమ చేరాం. ఫొటోలు తీశారు. నేను మాట్లాడాను. తర్వాత లెక్కపెట్టుకుంటే ఎనిమిదిమందిమి ఉన్నాం.

వెనక్కి పరుగెత్తాం. రెండో మలుపు కింద బండలమీద పసుపురంగు ఒలికిపోయి ఉంది. ఆ రంగు లేకపోతే ఆ మంచులో ఆమె కనిపించేది కాదు. ఊళ్లోంచి మగవాళ్లు వచ్చి డోలీ కట్టి దించారు.

ఇదీ జరిగింది. ఇందులో నేను దాచినది లేదు.

డిసెంబరు 22, ఆదివారం

ఆసుపత్రి నుంచి సస్మితను ఇంటికి పంపారట. గోపాల్‌పూర్ వెళ్దామనుకున్నాను. బస్సు దొరకలేదు.

డిసెంబరు 24, మంగళవారం

గెలిచాను. ఇంకా ఎవరికీ చెప్పలేదు కానీ, ఈ వాదానికి ఖండన లేదు.

మొదటి మెట్టు. గోపాల్‌పూర్‌లో సస్మితవాళ్లను, అంటే తెలుగు జాలర్లను, ఒడియావాళ్లు నోలియాలంటారు. ఆ వాడలో చకారం లేదు. చేప 'సేప', చెప్పు 'సెప్పు', చాలు 'సాలు'. నొప్పితో అరిచే మనిషి నోట వచ్చేది తల్లి దగ్గర నేర్చిన పలుకే. కనుక సస్మిత ఆగమనే కేకవేసి ఉంటే నాకు 'సాలు' అని వినిపించాలి. నాకు వినిపించింది స కాదు.

రెండో మెట్టు నిన్న ఒక వ్యాకరణ గ్రంథంలో దొరికింది. తెలుగులో చ ఒకటి కాదు, రెండు. చిలుకలోని చ వేరు, చాపలోని చ వేరు. చిలుకలోది అంగిలి దగ్గర పుడుతుంది. చాపలోది నాలుక పళ్లను తాకితే పుడుతుంది, దాదాపు 'త్స' లాగా. చాలు, చుక్క, చోటు అన్నీ చాప జాతివి. తెలుగువాళ్లెవరూ 'చాలు'ను చిలుకలోని చతో పలకరు. ఒడియాకు మాత్రం ఒక్కటే చ, అది చిలుకలోనిది.

ఆ కొండమీద నాకు వినిపించింది చిలుకలోని చ. నిస్సందేహంగా. కనుక ఆ మాట తెలుగు కాదు. కనుక అది 'చాల'. కనుక ఆమె మమ్మల్ని నడవమంది, తాను తన ఇష్టంతో ఆగింది. చివర ఉకారం ఉందా అకారం ఉందా అన్న సంగతిని గాలి మింగినా నష్టం లేదు. మొదటి అక్షరమే తీర్పు చెబుతోంది.

ఇంతకన్నా చక్కని వాదం నేను ఏ వేదికమీదా చెయ్యలేదు.

డిసెంబరు 25, బుధవారం

బరంపురం నుంచి గోపాల్‌పూర్‌కు బస్సు దొరకని రోజంటూ ఉండదు.

డిసెంబరు 27, శుక్రవారం

అమిత్ వాంగ్మూలం ఇచ్చి వచ్చాడు. "విన్నదే చెప్పాను దీదీ. 'చాల' అనే విన్నాను" అన్నాడు. అబద్ధమాడే మనిషి కాదు. తెలుగు ఒక్క ముక్క రాదు.

సాయంత్రం నాన్నకు టిఫిన్ ఇవ్వడానికి దుకాణానికి వెళ్లాను. పసుపు బస్తాల మధ్య ఈశ్వరమ్మ నిలబడి ఉంది. ఖాళీ గంప చంకలో ఉంది. మార్కెట్లో సరుకు అమ్ముకుని నేరుగా ఇక్కడికే వచ్చినట్టుంది.

"కూకో ఈశ్వరమ్మా. టీ సెప్తాను" అంటున్నారు నాన్న.

"మీ టీ నాకేటికి బాబూ! మీ పాప మా గుంటని కొండెక్కిస్తానని తీసికెల్లినాది. ఎక్కించినాది బాగానే. దించడమే మరిసిపోనాది."

"అలగనకు. పిల్లలు కావాలని సేస్తారేటి?"

"కావాలని సేసినాదని నానెప్పుడన్నాను? కావాలని సేస్తే బాగుణ్ణు. మా గుంట గురుతొచ్చినట్టేనా ఉండును." అప్పుడు నన్ను చూసింది. "అదిగో, వచ్చినాది. ఏటమ్మా, బాగున్నావేటి? కాల్లు నొప్పుల్లేవు గదా?"

నేను సమాధానం చెప్పబోయాను. ఏ సభలోనూ ఎవరిముందూ తడబడని దాన్ని. "విచారణలో అన్నీ తేలుతాయి" అన్నాను.

"తేల్తాయమ్మా. తేలిపోయేవోలు తేల్తారు. ములిగిపోయేవోలు ములిగిపోతారు. మాకు తెల్దేటి, నీల్ల కాడ బతికినోలం." గంప నెత్తిన పెట్టుకుంది. "కమిటీవోలు తప్పు మా గుంటదే అంతన్నారంట. ముందర నడిసేవోలికి ఎనకసూపుండాలంతారు మావోలు. మీ పుస్తకాల్లో ఏటుందో మరి."

ఆమె వెళ్లాక నాన్న త్రాసుపళ్లెం తుడుస్తూ అన్నారు: "నువ్వు గెలుస్తావనే అందరూ అంతన్నారు."

"గెలుస్తాను నాన్నా."

"హఉ" అని ఒడియాలో ఒప్పుకున్నారు. "మంచిదే."

ఆయన నా వైపు చూడలేదు. చూడకపోవడానికి కారణం త్రాసు. పళ్లేనికి పసుపు అంటుకుని ఉంది.

డిసెంబరు 29, ఆదివారం

వెళ్లాను.

దీపస్తంభం దాటి, వలలు ఆరేసిన ఇసుకదారిన లోపలికి వెళ్తే వాళ్ల ఇల్లు. సస్మిత నులకమంచం మీద ఉంది. కాలు మోకాలి కింది నుంచి కట్టు. పక్కన తెరిచిన పాఠ్యపుస్తకం. మూడో సెమిస్టరుది, పరీక్షకు ఇంకా వ్యవధి ఉంది.

"అక్కా, వచ్చావా!" అంది. ఎప్పటిలాగే. అదే భరించడం కష్టమైంది.

నేను వాదానికి సిద్ధపడి వెళ్లాను. ఆమె నిందిస్తే ఏం చెప్పాలో, ఏడిస్తే ఏం చెప్పాలో బస్సులోనే కూర్చుకున్నాను. ఆమె నిందించలేదు, ఏడవలేదు. కనుమ అవతల ఏముందని అడిగింది. తాను చూడలేదు కదా.

చెప్పాను. అవతల కొండలు ఒకదాని వెనక ఒకటి నీలంగా పలచబడుతూ పోతాయని, చివరిది మహేంద్రగిరో మబ్బో తెలియలేదని. కింద ఒక ఊరు, దాని చుట్టూ పచ్చటి గట్లు.

"మిగతా గీతలు ఎవరు పెడతారు?"

"ఎవరూ పెట్టరు. సంఘాన్ని ఆపేశారు."

కాలు జారుతోందంది. దిండు ఎత్తుగా సర్దాను. ఇంకా ఎత్తమంది, ఎత్తాను.

"చాలక్కా. చాలు."

ఈశ్వరమ్మ గంజిగిన్నెతో లోపలినుంచి వచ్చింది. "ఇంకొంచెం తాగవే?"

"సాలే అమ్మా, సాలు."

దిండు ఇంకా నా చేతుల్లోనే ఉంది.

తల్లితో 'సాలు'. నాతో 'చాలు'. నాతో అన్నది పళ్ల దగ్గర పుట్టిన చ కాదు. చిలుకలోని చ. శుద్ధమైన ఒడియా చ. ఆ కొండమీద వినిపించినదే.

"అక్కా, ఏమైంది?"

"ఆ రోజు నువ్వు ఏమని పిలిచావు?"

"చాలు అన్నాను. మడమ చీరుకుపోయింది, అడుగు పడలేదు. నువ్వు చెయ్యెత్తావు. విన్నావనుకుని కూర్చున్నాను. ఎవరినో పంపుతావనుకున్నాను. ఎంతకీ ఎవరూ రాకపోతే, నేనే రావాలేమోనని లేచాను." నా చేతుల్లోంచి దిండు తీసుకుంటూ అంది: "నువ్వు వినలేదా?"

నేనేమన్నానో రాయను.

డిసెంబరు 30, సోమవారం

విన్నది విన్నాను. నేను అబద్ధం చెప్పలేదు.

డిసెంబరు 31, మంగళవారం

విన్నది విన్నాను.

జనవరి 1, బుధవారం

ఈ పుస్తకంలో ఇంతవరకూ రాయని ఒక సంగతి ఉంది. మరిచిపోయి రాయలేదని అనుకోవచ్చు. నిన్నటిదాకా అలాగే అనుకున్నాను.

దసరా సెలవులకు ముందు తెలుగు వక్తృత్వ పోటీకి శ్రీకాకుళం వెళ్లాం. నాకు జోడీగా సస్మితను ఎంచుకున్నది నేనే. ఆమెకు విషయం పట్టు ఉంది, ధైర్యం ఉంది. లేనిది పలుకు. 'సెప్తాను', 'సూడండి' అంటే న్యాయనిర్ణేతలు నవ్వుతారని రోజూ సాయంత్రం ఖాళీ తరగతి గదిలో కూర్చోబెట్టి దిద్దాను. "చాలు అను." "సాలు." "స కాదు, చ. చాలు." "చాలు." కొన్నాళ్లకు కుదిరింది. నాతో మాట్లాడేటప్పుడల్లా ఆ పలుకే వాడాలని షరతు పెట్టాను. వాడింది. అప్పుడప్పుడు నవ్వేది: "నీతో తెలుగు, ఇంట్లో తెలుగు, క్లాసులో ఒడియా. నాకు మూడు భాషలు వచ్చేశాయక్కా."

పోటీ ముగిశాక ఒక న్యాయనిర్ణేత, పెద్దాయన, మమ్మల్ని పిలిచాడు. "వాదం చాలా బాగుందమ్మా. కానీ ఇద్దరూ ఒకేలా తప్పు పలుకుతున్నారు. 'చాలు', 'చాటు', అన్నీ చిలుకలోని చతో. ఎవరు నేర్పారు?"

సస్మిత గర్వంగా నన్ను చూపించింది.

ఒడిశా తెలుగువాళ్లను చిన్నచూపు చూడటం ఆంధ్రులకు అలవాటేనని ఆయనతో అక్కడే గొడవపడ్డాను. తిరుగు రైలులోనూ అదే మాట్లాడాను. 'చిలుకలోని చ' అన్న మాట మొదట విన్నది ఆయన నోటనే. వ్యాకరణ గ్రంథంలో దొరికిందని రాశాను. గ్రంథంలో వెతకాలని తట్టింది ఎందుకో రాయలేదు.

నేను బడిలో నేర్చిన లిపి ఒడియా. తెలుగు అక్షరాలు ఇంట్లో నాన్న పాత వార్తాపత్రికల మీద పడి నాకు నేనే కూడబలుక్కున్నాను. చ అన్న గుర్తు చూస్తే ఒడియా చ పలికాను, అదే శుద్ధమని నమ్మాను. మా నాన్న 'సాలు' అంటారు. మా అమ్మ 'సాలు' అంటుంది. తెలుగువాళ్లెవరూ 'చాలు'ను అలా పలకరని రాశాను. నిజమే. నేను పలుకుతాను. నేను నేర్పినవాళ్లు పలుకుతారు.

ఆమె తన మాటతో పిలిచి ఉంటే 'సాలు' అని వినిపించేది. ఒడియాలో అలాంటి మాట లేదు. ఆగేదాన్ని.

ఆగేదాన్నా? జీపు వస్తోంది. నాకు కావలసిన మాట నాకు వినిపించింది. అమిత్‌కు ఒక్క భాషే వచ్చు, అతనికి వేరే అర్థం తోచే వీలు లేదు. నాకు రెండూ వచ్చు. రెండు అర్థాలూ నా ముందున్నాయి.

జనవరి 2, గురువారం

పూర్ణచంద్ర సార్ పిలిపించారు. విచారణ సంఘానికి ఆయనే అధ్యక్షుడు. గోసాని నువాగాంలో ఇల్లు, నాన్నకు పరిచయస్థుడు. నా లిఖిత సమాధానం క్రితంవారమే ఆయనకు ఇచ్చి ఉన్నాను.

"అదరగొట్టేసావమ్మా!" అన్నారు గుమ్మంలోనే. "చకారాలు రెండున్నాయని ఇన్నేళ్లకి నాకు తెలిసింది. సభ్యులందరూ సదివారు. అమిత్ కూడా అదే సెప్పాడు. ఇంకేటుంది? సోమవారం మేడమీద హాల్లో సదివేసి, సంతకం పెట్టీ. అంతే."

"సస్మిత వస్తుందా సార్?"

"రెండంతస్తులు ఎలాగెక్కుతాది? కాయితమ్మీద రాసి పంపింది. సాలు."

"ఏం రాసింది?"

"పిలిచాను, ఎవరూ రాలేదు అని. ఏ మాటతో పిలిచిందో రాయలేదు. అదే నీకు బలం." టీ నా వైపు జరిపారు. "నువ్వు మళ్లీ కొత్తగా ఏటీ కదపకు. ఆ గుంటకి సీటు పోతే పోతాది, వేరే ఏదో సూద్దాం. నీలాంటి పిల్ల ఏడాది పోగొట్టుకోవడం యూనివర్సిటీకే నష్టం."

వేదికమీద నన్ను ఇలా పొగిడినవారందరికీ నమస్కరించాను. ఈయనకూ నమస్కరించి లేచాను. అలవాటు.

జనవరి 3, శుక్రవారం

నాకు నేను ప్రతిపక్షంగా నిలబడి చూశాను. మధ్యేమార్గం ఒకటి ఉంది: తప్పు గాలిది. ఎవరిదీ కాదు. ఇద్దరం బయటపడతాం.

కానీ 'లేక' ఒప్పుకోదు. నాది కాకపోతే ఆమెది.

జనవరి 4, శనివారం

మళ్లీ గోపాల్‌పూర్.

అంతా చెప్పాను. చకారాల వాదం, అమిత్ మాట, సార్ మాట. ఈశ్వరమ్మ గడపలో కూర్చుని వల కుడుతోంది. చెయ్యి ఆపలేదు.

సస్మిత చాలాసేపు పుస్తకం అంచు మడుస్తూ విప్పుతూ ఉంది. అప్పుడు నాతో మొదటిసారి ఇంటి తెలుగులో మాట్లాడింది.

"నువ్వు గెలిస్తే నేను ఇంటికాడ ఉంటాను. నువ్వు ఓడితే నేను సదువుకుంటాను. అంతేనా?"

"అంతే."

"మరి ఇన్నాళ్లు ఆలోసించడానికేటుంది అక్కా?"

ఆమె మడుస్తున్న పుస్తకం అంచును సాపు చేశాను.

"నిజం చెప్పేస్తాను. సోమవారం" అన్నాను.

"ఎక్కడ?"

"మేడమీద. నువ్వు రానక్కర్లేదన్నారు."

"నా ఎనక సెప్పకు." ఆమె కళ్లు ఎర్రబడ్డాయి. పడిపోయిన రోజు కూడా నేను చూడని కోపం. "అక్కడ నన్నొగ్గేసి నడిసిపోయారు. ఇక్కడ నా ఎనకే మాట్లాడేస్తన్నారు. మంచిదైనా సెడ్డదైనా నా ఎదురుగా సెప్పండి. నేనొస్తాను."

"దీని కాలు సూడు, దీని రోషం సూడు!" అంది ఈశ్వరమ్మ. "మేడెవులెక్కిస్తారే నిన్ను? ఈ పాపా? ఒకసారెక్కిస్తేనే ఇదీ బతుకు."

"నన్నెవులూ ఎక్కించక్కర్లేదమ్మా."

నేను ఇసుకదారిన బస్సు వరకూ నడిచాను. కాళ్లు బాగానే ఉన్నాయి. ఈశ్వరమ్మ ఆ రోజు అడిగింది కదా.

జనవరి 5, ఆదివారం

నాన్నకు చెప్పాను. దుకాణంలో ఎవరూ లేరు.

"ఏడాది పోతాది."

"పోతుంది నాన్నా."

"మీ జట్టు? ఢిల్లీ పోటీ?"

"అదీ."

బస్తా మూతి కడుతున్నారు. ముడి బిగించి, విప్పి, మళ్లీ బిగించారు. "గెలుస్తావని అందరూ అంతన్నారన్నాను. నేనంతన్నానని అన్లేదు." బస్తాను గోడకు జరిపి: "పింటుకి సెప్తాను. వాడి ఆటోలో ఎనక సీటుకి అడ్డంగా పలకేస్తే కాలు సాపుకోవచ్చు. ఆ గుంటని నెమ్మదిగా తెమ్మంటాను."

జనవరి 6, సోమవారం, ఉదయం

పాత సమాధానం చింపలేదు. సంఘం దగ్గరే ఉండనీ. దాని పక్కన ఇది ఉండాలి. హాల్లో నిలబడి, కాగితం చూడకుండా చెప్పబోయేది ఇది. తెలుగులో ఒకసారి, ఒడియాలో ఒకసారి.

సభ్యులారా, నామీద ఉన్న ఆరోపణ నిజం. సస్మిత 'చాలు' అంది. నేను విన్నాను. రెండు భాషల్లో రెండు అర్థాలున్న పలుకు అది. అడగడానికి నాకు నోరుంది, వెనక్కి నడవడానికి కాళ్లున్నాయి. కనుమ దగ్గర నాకోసం జీపు వస్తోంది కనుక, నాకు పనికొచ్చే అర్థాన్ని తీసుకున్నాను.

తెలుగువాళ్లు ఆ మాటను అలా పలకరని మీకు రాసి ఇచ్చాను. మీరు మెచ్చుకున్నారు. ఆ పలుకు ఆమెకు నేర్పింది నేను. ఆమె నోట్లోంచి ఆమె మాట తీసేసి నా తప్పు పెట్టాను. ఆ తప్పునే ఆమెకు వ్యతిరేకంగా సాక్ష్యం చేశాను.

అమిత్ విన్నది విన్నట్టే చెప్పాడు. అతనికి తెలుగు రాదు. వెనకుండి చూసుకోవలసిన అతన్ని ముందుకు పిలిచింది నేను. అతన్ని దీంట్లోకి లాగకండి.

సస్మిత వరుస వీడలేదు. ప్రతి రాయి దగ్గరా ఆగి, రేపు ఆ దారిన వచ్చే మనిషి తప్పిపోకుండా గుర్తు పెడుతూ వచ్చింది. వరుసే ఆమెను వీడింది. ఆమె సీటు తీసే అధికారం ఈ నియమం మీకు ఇస్తోందంటారా? నియమం నేను రాశాను. అది ఎవరికోసం రాశానో నాకు తెలుసు, ఆమెకు వర్తించదు. నాకు వేసే శిక్ష వేయండి, దానిమీద నేను వాదించను. వాదించకుండా ఉండటం నాకెంత కష్టమో ఈ గదిలో అందరికీ తెలుసు.

కానీ సంతకం ఇప్పుడే పెట్టను. పడిపోయిన మనిషి లేకుండా పడిపోవడం గురించి తీర్పు చెప్పడానికి మీరు మేడమీద కూర్చున్నారు. మెట్లెక్కలేని మనిషి కనుక పిలవలేదన్నారు. ఆమె వచ్చింది. కింద గేటు దగ్గర ఆటోలో, పలకమీద కాలు చాపుకుని ఎండలో కూర్చుని ఉంది. ఆమె ఏ మాట అందో, ఏ భాషలో అందో, ఎంతసేపు ఎదురుచూసిందో మీలో ఒక్కరూ ఆమెను అడగలేదు.

ఆమె ఎక్కలేదు. మీరు దిగగలరు. లేవండి. మీ కుర్చీలు మీరే పట్టుకుని కిందికి నడవండి. ఆమె ముందు కూర్చుని, ఆమెను అడగండి.